కుంకుమపువ్వు కాని పువ్వు

పోయినేడు నవంబరులో మా ఇంట్లో ఒక గ్లాసు పాలు ఎవరూ తాగకుండా సింకులోకి పోయాయి. ఆ గ్లాసు గురించే ఈ వ్యాసం. బైపీసీ తీసుకుంటే బొమ్మలు గీయాల్సి వస్తుందని ఎంపీసీలోకి పారిపోయి, ఇప్పుడు ఈసీఈ మూడో సంవత్సరంలో ఉన్నవాణ్ణి. నేను పూల మీద రాస్తానంటే మన క్లబ్బులోనే ఇద్దరు నవ్వారు. నవ్వు చదివాక కూడా నవ్వొచ్చు, కంగారేం లేదు.

మా ఇల్లు నాచారంలో. అప్పటికి మా వదినకు ఐదో నెల. కడుపుతో ఉన్నవాళ్ళకి కుంకుమపువ్వు పాలు ఇవ్వడం మనందరి ఇళ్ళలో ఉన్నదే. దాంతో బిడ్డ తెల్లగా పుడుతుందనేది ఒట్టి మాట, కానీ పాలు మాత్రం ఎవరూ మానరు. అసలైన కుంకుమపువ్వు కిలో లక్షల్లో ఉంటుంది. అదే టైములో మా అన్న ఫోన్లో, గదిలో ఏసీ పెట్టి ట్రేలలో కుంకుమపువ్వు పండిస్తున్నవాళ్ళ వీడియోలు తెగ చూస్తున్నాడు. ఇంకేముంది, ఆన్‌లైన్‌లో 'కశ్మీరీ కుంకుమపువ్వు దుంపలు' పది ఆర్డర్ పెట్టాడు. దసరా అయిన వారానికి డబ్బా వచ్చింది. అందులో ఏడు దుంపలు చిన్నవి, చిన్న ఉల్లిగడ్డంత. మూడు మాత్రం వాటికి రెండింతలు. "పెద్దవి బోనస్" అన్నాడు అన్న.

మట్టీ నీళ్ళూ లేకుండా ట్రేలో పెట్టి బీరువా మీద ఉంచాం. నవంబరు మొదటి వారంలో పెద్దవి మూడూ పూశాయి. ఒట్టి దుంప, ఆకు లేదు, వేరు లేదు, నీటి చుక్క లేదు. దాంట్లోంచి వంగపండు రంగు పువ్వు. అమ్మ సంతోషానికి హద్దు లేదు. పాలు కాచి, పువ్వు మధ్యలో ఉన్న పోగులు రెండు తుంపి గ్లాసులో వేసి వదిన చేతికిచ్చింది. వదిన డిగ్రీలో బీజెడ్‌సీ. గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది.

"అత్తయ్యా, కుంకుమపువ్వు ఎర్రగుండాలి గదా, ఇవి పసుపుగున్నయేంది?"

"పచ్చిగున్నప్పుడు గట్లనే ఉంటయేమో" అంది అమ్మ.

వదిన ఊరుకోలేదు. మిగిలిన పువ్వులు రెండూ తెమ్మని, నన్ను కూచోబెట్టి, లోపల పసుపు పుప్పొడి ఉన్న కాడలు ఎన్నో లెక్కపెట్టమంది. ఆరు. రెండోదాంట్లో కూడా ఆరే. "కుంకుమపువ్వుకు మూడే ఉంటయి" అని గ్లాసు కింద పెట్టేసింది. ఫోన్‌లో మొక్కల పేర్లు చెప్పే యాప్‌కి ఫొటో చూపిస్తే, ఒకసారి క్రోకస్ అంది, పక్కనుంచి తీస్తే కాల్చికమ్ అంది. మన యాప్‌ల సంగతి తెలిసిందేగా. తేల్చింది యాప్ కాదు, లెక్క.

ఆ లెక్కేమిటో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది మీ ఇంట్లోనూ పనికి రావచ్చు. కుంకుమపువ్వు మొక్క క్రోకస్ జాతి. దాని పువ్వులో పుప్పొడి ఇచ్చే కేసరాలు మూడే, పసుపు రంగులో ఉంటాయి. మనం పాలలో వేసుకునేది వాటిని కాదు. మధ్యలోంచి ఒకే కీలం లేచి, పైన మూడు ఎర్రటి పాయలుగా చీలుతుంది, ఆ ఎర్ర పాయలే కుంకుమపువ్వు. అంటే పువ్వు మొత్తానికి వాడుకునేవి మూడు పోగులు. అందుకే అంత ధర. కాల్చికమ్‌లో కేసరాలు ఆరు. మధ్యలో కీలాలు మూడు, మొదలు నుంచే విడివిడిగా, తెల్లగానో లేతగానో ఉంటాయి. ఎర్ర పోగు అనేదే ఉండదు. రేకులు రెండింటికీ ఆరే, రంగు దగ్గర దగ్గర, ఆకారం అదే, రెండూ నేలలోంచి నేరుగా గిన్నెలాగా లేచేవే. అందుకే కాల్చికమ్‌కి ఇంగ్లీషులో 'ఆటమ్ క్రోకస్' అనే పేరు పడింది. క్రోకస్ కానిదానికి క్రోకస్ అని పేరు. ఈ గొడవంతా అక్కడే మొదలైందని నా అనుమానం. అమ్మేవాడు మోసం చేశాడో, వాడూ ఆ పేరు చూసి మోసపోయాడో నాకు తెలీదు. డబ్బులు మాత్రం వాపసు రాలేదు.

పువ్వు లేకపోయినా దుంపను బట్టి చాలావరకు చెప్పొచ్చు. కుంకుమపువ్వు దుంప కాస్త అణిగినట్టు గుండ్రంగా, పైన కొబ్బరి పీచులాంటి వలతో ఉంటుంది. కాల్చికమ్ దుంప పెద్దది, గోధుమ రంగు కాగితంలాంటి తొక్క, ఒక పక్క పొడుచుకొచ్చిన పాదం, మొత్తానికి వంకర. మా ట్రేలో మూడూ అలాగే ఉన్నాయి, మేమే చూడలేదు. ఆకులొస్తే ఇంకా సులువు. కుంకుమపువ్వు ఆకు గడ్డిలా సన్నగా, నడిమధ్య తెల్ల గీతతో ఉంటుంది. కాల్చికమ్ ఆకు వెడల్పు, పట్టీలాంటిది.

ఇక్కడ మన బ్రాంచ్ వాళ్ళు ఒక పొరపాటు చేసే ప్రమాదం ఉంది. ఆరు కేసరాలుంటే కుంకుమపువ్వు కాదు, అంతవరకు నిజం. ఆరు ఉన్నాయి కాబట్టి కాల్చికమే అనుకుంటే తప్పు. ఉప్పల్లో, రామంతాపూర్లో ఏ ఇంటి ముందు కుండీ చూసినా, వాన పడగానే గులాబీ రంగులోనో పసుపులోనో పూసే రెయిన్ లిల్లీ ఉంటుంది. దానికీ కేసరాలు ఆరే. కశ్మీర్‌లో మంచు కరిగే వేళ పసుపు రంగులో పూసే స్టెర్న్‌బర్జియాకీ ఆరే. తేడా కీలం దగ్గర. రెయిన్ లిల్లీకి, స్టెర్న్‌బర్జియాకి కీలం ఒక్కటే, కాల్చికమ్‌కి మూడు. ఇంకో తేడా దుంప కోస్తే తెలుస్తుంది. రెయిన్ లిల్లీ, స్టెర్న్‌బర్జియా రెండూ ఉల్లిగడ్డ కుటుంబంలోవి, లోపల పొరలు పొరలుగా ఉంటాయి. దాన్ని లశునం అంటారు. కాల్చికమ్, క్రోకస్ లోపల పొరలుండవు, చేమగడ్డలా గట్టిగా ఒకటే ముద్ద. అది కందం. కోసిన కత్తిని మాత్రం మళ్ళీ వంటింట్లోకి తేవద్దు.

మా మూడు దుంపలు చలికి ముందే పూసే రకం. అవి పోయాక, కుతూహలం కొద్దీ, అసలు ఈ జాతిలో ఇంకా ఏమున్నాయని చూస్తే తేలిందేంటంటే, నిండు చలిలో పూసేవి వేరే ఉన్నాయి. హంగేరికమ్ అనేది బాల్కన్ ప్రాంతాల్లో పెరుగుతుంది. జనవరి, ఫిబ్రవరుల్లో తెల్లగానో లేత గులాబీగానో పూస్తుంది, కేసరాల కొసలు నలుపు తిరిగిన ఊదా. లూటియమ్ మనకు దగ్గరిది, అఫ్ఘానిస్తాన్ నుంచి కశ్మీర్ దాకా పెరుగుతుంది. ఫిబ్రవరి, మార్చిలో మంచు కరిగే అంచు దగ్గర బంగారు పసుపులో పూస్తుంది. మొత్తం కాల్చికమ్ జాతిలో పసుపు పువ్వు ఉన్నది ఇదొక్కటే. కాబట్టి పసుపు, ఆరు కేసరాలు, మూడు కీలాలు అనే మూడూ కలిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు.

చలిలో పూసేవాటికీ ముందే పూసేవాటికీ ఇంకో గుర్తు ఉంది. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరుల్లో పూసేవి చాలావరకు ఒట్టి పువ్వులే. ఆకులు నెలల తర్వాత, చలి పోయాక వస్తాయి. నిండు చలిలో, చలి చివర్లో పూసేవాటికి మాత్రం ఆకూ పువ్వూ కలిసే వస్తాయి. మొదటి రకంలో ఇంకో విచిత్రం. పువ్వు పైన ఉన్నా అండాశయం నేల లోపల దుంప పక్కనే ఉండిపోతుంది. పువ్వు గొట్టంలాగా కనబడేది కాడ కాదు, రేకులే అంత పొడుగ్గా కిందికి దిగాయి. విత్తనాల కాయ వచ్చే వసంతంలో ఆకులతో పాటు పైకొస్తుంది. అందుకే యూరప్‌లో అసలు ప్రమాదం పువ్వు దగ్గర కాదు, ఆకు దగ్గర. అక్కడి అడవుల్లో వెల్లుల్లి వాసన వేసే ఒక ఆకుకూర దొరుకుతుంది. వసంతంలో జనం దాన్ని ఏరుకునేటప్పుడు పువ్వు లేని కాల్చికమ్ ఆకులు కూడా కలిసిపోయి, ప్రాణాలు పోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఎన్నో ఉన్నాయి.

ప్రాణాలు పోవడమేంటి అంటారా? ఆ పాలు పారబోయడానికి కారణం అదే. ఈ మొక్కలో దుంప, ఆకు, పువ్వు, విత్తనం అన్నిట్లో కాల్చిసిన్ అనే పదార్థం ఉంటుంది. ఎండబెట్టినా పోదు, పాలలో మరిగించినా పోదు. గౌట్‌కి డాక్టర్లు ఇచ్చే కాల్చిసిన్ మాత్ర అర మిల్లీగ్రాము. పెద్దవాళ్ళు 7 మిల్లీగ్రాములకే చనిపోయిన సందర్భాలు నమోదై ఉన్నాయి. మందుకీ విషానికీ మధ్య దూరం అంతే. మొదట్లో ఏమీ తెలియదు. కొన్ని గంటలు గడిచాక వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, ఏదో ఫుడ్ పాయిజనింగ్ అనుకుంటారు. ఒకటి రెండు రోజులకు ఒక్కొక్క అవయవం దెబ్బతింటూ వస్తుంది, ఎముక మూలుగలో కొత్త రక్తకణాలు తయారవడం ఆగిపోతుంది. బతికినవాళ్ళకి రెండు మూడు వారాలకు జుట్టు రాలిపోతుంది. దీనికి విరుగుడు మందు మార్కెట్లో లేదు. కాబట్టి తిన్నారని అనుమానం వస్తే, లక్షణాల కోసం ఎదురు చూడకుండా, మొక్క ముక్కతో సహా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ రెండు పోగుల్లో ఎంత ఉండేదో నేను కొలవలేదు, కొలవాలని కూడా లేదు.

రక్తకణాలు, జుట్టు. రెండింటికీ సంబంధం ఏంటి? రెండూ ఒంట్లో త్వరత్వరగా విభజన జరిగే కణాలు. కణం రెండుగా చీలేటప్పుడు లోపల ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌తో సన్నటి గొట్టాల తాళ్ళు అల్లుకుంటాయి. క్రోమోజోములను చెరో పక్కకు లాగేది అవే. కాల్చిసిన్ వెళ్ళి ట్యూబ్యులిన్‌కి అంటుకుంటుంది, తాడు అల్లిక ఆగిపోతుంది, కణం సగం పనిలో నిలబడిపోతుంది. అసలు ట్యూబ్యులిన్ దొరికిందే ఇలా: 1967లో షికాగోలో గ్యారీ బొరిసీ, ఎడ్విన్ టేలర్ అనేవాళ్ళు కాల్చిసిన్ కణంలో దేనికి అంటుకుంటోందో వెతుక్కుంటూ పోతే ఆ ప్రోటీన్ బయటపడింది. మన భాషలో చెప్పాలంటే, షార్ట్ ఎక్కడైందో పట్టుకుని సర్క్యూట్ గీయడం.

కణాన్ని సగంలో నిలబెట్టడం విషమే, కానీ లెక్కపెట్టేవాడికి అంతకంటే మంచి ఉపకారం లేదు. విభజన మధ్యలో క్రోమోజోములు పొట్టిగా, లావుగా, విడివిడిగా కనబడతాయి. 1955 దాకా మనిషికి 48 క్రోమోజోములని పుస్తకాల్లో ఉండేది. ఆ ఏడాది చివర్లో స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ టియో, ఆల్బర్ట్ లెవాన్‌తో కలిసి, కణాలకు కాల్చిసిన్ పెట్టి, ఉబ్బించి, పరిచి లెక్కపెడితే 46 వచ్చాయి. 1956లో ప్రచురించారు. ముప్ఫై ఏళ్ళు అందరూ తప్పు లెక్క చెప్పుకున్నారు, ఒక దుంప విషం సరిచేసింది. ఇప్పటికీ క్రోమోజోమ్ పరీక్ష చేయాలంటే కాల్చిసిన్‌కి తమ్ముడిలాంటి కోల్సెమిడ్ వేసి కణాలను ఆపుతారు. హబ్సిగూడ నుంచి ఉప్పల్ వచ్చే దారిలో సీసీఎంబీ, ఉప్పల్ ఇన్నర్ రింగ్ రోడ్డు మీద సీడీఎఫ్‌డీ, రోజూ మన బస్సులోంచి కనిపించేవే. క్రోమోజోముల మీద పనిచేసే అలాంటి ల్యాబుల్లో ఈ మందు రోజువారీ సరుకు. మేమేమో దాన్ని రెండు కిలోమీటర్ల దూరంలో బీరువా మీద పెట్టుకున్నాం.

గింజల్లేని పుచ్చకాయ కూడా దీని పుణ్యమే. 1937లో అమెరికాలో బ్లేక్‌స్లీ, ఏవరీ అనేవాళ్ళు కాల్చిసిన్‌తో మొక్కల్లో క్రోమోజోములు రెట్టింపు చేయొచ్చని చూపించారు. కణం చీలకుండా ఆగిపోతే లోపలి సరుకు రెట్టింపుగా ఉండిపోతుంది కదా, అంతే. ఆ పద్ధతితో జపాన్‌లో కిహారా పుచ్చకాయ మీద పనిచేసి, 1951లో మూడు జతల రకం గురించి ప్రచురించాడు. రెట్టింపు మొక్కను మామూలు మొక్కతో కలిపితే వచ్చే పిల్లకు లెక్క సరిపోక గింజ కట్టదు. కాయలో మాత్రం విషం ఉండదు, భయపడకండి.

మందుగా దీని చరిత్ర మన ఊరికీ సంబంధించినదే. చార్మినార్ దగ్గర అత్తారుల దుకాణాల్లో అడిగితే 'సురంజాన్' అని ఎండు దుంపలు చూపిస్తారు, అది కాల్చికమే. యునానీలో కీళ్ళ నొప్పులకు మాజూన్ సురంజాన్ పేరున్న మందు. అందులో షీరీన్ అంటే తీపిది, తల్ఖ్ అంటే చేదుది, అని రెండు రకాలు. చేదుదాన్ని పైపూతకే వాడాలని హకీములే చెప్తారు. కశ్మీరీ లూటియమ్ ఈ చేదు లెక్కలోకి వస్తుంది. చూశారా, రుచి చూసి రకం తేల్చడం వాళ్ళ పద్ధతి. దయచేసి మీరు అది చేయకండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన యూరిక్ యాసిడ్‌కి సురంజాన్ పొడి తెచ్చుకుని అల్లోపతి మాత్రతో కలిపి వేసుకుంటానన్నాడు. రెండూ ఒకటే మందు అని చెప్తే నా వైపు అదోలా చూశాడు. ఇంజినీరింగ్ పిల్లాడి మాట ఎవరు వింటారు?

సరే, పెంచడం సంగతి. ఇంత విషం అని తెలిశాక కూడా పారేయబుద్ధి కాలేదు, పువ్వు అంత బాగుంది మరి. మూడు దుంపలనూ సగం ఇసుక, సగం ఎర్రమట్టి కలిపిన కుండీల్లో నాలుగు వేళ్ళ లోతులో పెట్టాను. కింద చిల్లు పెద్దది చేసి గులకరాళ్ళు వేశాను, ఎందుకంటే ఈ జాతి మొత్తానికి తడి నిలిస్తే కుళ్ళు ఖాయం. ఫిబ్రవరిలో ఒకదానికి మూడాకులు వచ్చాయి. మార్చి ఎండకి పసుపెక్కి పోయాయి. మేలో తవ్వితే, పెద్ద ఉల్లిగడ్డంత ఉన్న దుంప వెల్లుల్లి రెబ్బంత మిగిలింది. మిగతా రెండూ మట్టిలో మట్టి.

ఎందుకలా అంటే, మట్టీ నీళ్ళూ లేకుండా పూసిన ఆ పువ్వు మా గొప్ప కాదు. ఎక్కడో చల్లటి చోట ఒక ఏడాది ఆకులు ఎండలో కష్టపడి దుంపలో దాచిన సరుకు అది. చార్జ్ చేసి పంపిన పవర్ బ్యాంక్ అన్నమాట. మళ్ళీ చార్జ్ కావాలంటే చల్లటి వాతావరణంలో నెలల తరబడి ఆకు బతకాలి, పాత దుంప పక్కనే కొత్త దుంప ఊరాలి. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు సుమారు 15 డిగ్రీలు. ఏదో కొన్ని రాత్రులు 10 దగ్గరికి దిగితే మనం స్వెటర్లు తీసి సెల్ఫీలు దిగుతాం. శ్రీనగర్‌లో జనవరి రాత్రి సున్నాకి కిందే. నిండు చలిలో పూసే రకాలకు ఆ చలే అలారం, అది మోగకపోతే అవి లేవవు. ఫ్రిజ్‌లో రెండు మూడు నెలలు పెట్టి మోసం చేయొచ్చు, ఒకసారి పూస్తే పూయొచ్చు. కానీ మార్చికి ఇక్కడ 35 డిగ్రీలు దాటుతుంది, ఆకుకి టైమే ఉండదు. పైగా ఏ ఫ్రిజ్‌లో పెడతారు? ఉల్లిగడ్డలా కనిపించే విషాన్ని కూరగాయల డ్రాయర్లో పెట్టి, పొద్దున్నే ఎవరైనా కత్తిపీట ముందు కూచుంటే? హాస్టల్ వాళ్ళయితే అసలు ఆ ఆలోచనే వద్దు.

చిన్న దుంపలు ఏడింటి కథ కూడా చెప్పేస్తాను. నాలుగు కుళ్ళాయి. మూడు సన్నటి ఆకులేశాయి, మధ్యలో తెల్ల గీత. అవి నిజంగానే కుంకుమపువ్వు మొక్కలు! పువ్వు మాత్రం ఒక్కటీ లేదు.

మార్చిలో వదినకు పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజుకి జనగామ వైపు మా ఊరి నుంచి నాయనమ్మ వచ్చింది. పాల గ్లాసు కథ విని, నా చేతిలో ఫోన్ బొమ్మ చూసి, "గీ పువ్వు నాకెర్కలేదు గని, గిసొంటి గడ్డ మన చెలక కంచెల ఉంటది బిడ్డా. నాభి. కడుపుతోని ఉన్న ఆడోళ్ళ ముంగట గా పేరు గూడ ఎత్తకపోయేది" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే అడవినాభికి సంస్కృతంలో ఉన్న పేర్లలో ఒకటి గర్భపాతిని. వృక్షశాస్త్రంలో గ్లోరియోసా సుపర్బా. కాల్చికమ్ ఏ కుటుంబమో ఇదీ అదే కుటుంబం, ఇందులోనూ అదే కాల్చిసిన్. ఒక్క పుస్తకం చదవని మా నాయనమ్మ కశ్మీర్ మొక్కను తెచ్చి సరిగ్గా దాని మేనత్త పక్కన కూచోబెట్టింది.

ఒక తికమక ఇక్కడే తీర్చాలి. నాభి అంటే మనవాళ్ళు విషానికి వాడే మాట. ఆయుర్వేదంలో వసనాభి అనే విషం హిమాలయాల్లో పెరిగే వేరే మొక్క, దీనికి దానికి చుట్టరికం లేదు. మనది అడవినాభి, అగ్నిశిఖ, పొత్తిదుంప. సంస్కృతంలో లాంగలి అని కూడా అంటారు, అంటే నాగలి. దుంప చూస్తే ఆ పేరు ఎందుకో తెలుస్తుంది: వేలు మందాన రెండు చేతులు కలిసి వంగిన నాగలి ఆకారం, ఇంగ్లీషు 'వి' అక్షరంలా. చిలగడదుంప అనుకుని వండుకు తిని చనిపోయినవాళ్ళు శ్రీలంకలో, మన దేశంలో కూడా ఉన్నారు. చిలగడదుంప రెండు కొసలా సన్నబడి మధ్యలో లావుగా ఉంటుంది, ఇలా మోచేతిలా వంగదు.

ఉప్పల్లో పెంచాలనుకుంటే ఇదే పెంచాలి. దీనికి చలి అక్కర్లేదు, వాన కావాలి. మేలో ఊరెళ్ళినప్పుడు నాయనమ్మ చూపించిన చోట చేతికి గ్లౌజులు వేసుకుని ఒక దుంప తవ్వి తెచ్చాను. మొలక వచ్చే కన్ను దుంప కొసన ఉంటుంది. తవ్వేటప్పుడు ఆ కొస విరిగిందా, ఇంక ఆ చేతికి మొలక లేనట్టే. దుంపను అడ్డంగా పడుకోబెట్టి రెండు మూడు వేళ్ళ మట్టి కప్పాలి, నీరు నిలవకూడదు. జూన్ వానలకు మొలిచింది. పాకడానికి దీనికి వేరే తీగ నులులు ఉండవు; ప్రతి ఆకు కొస తానే చుట్టుకుని దొరికినదాన్ని పట్టుకుంటుంది. మా డాబా మీద బట్టల తాడు పట్టుకుని ఆరడుగులు పాకింది. ఆగస్టు చివర పూసింది. మొదటి రోజు ఆకుపచ్చ, తర్వాత అంచులు ఎరుపు, మొదలు పసుపు, చివరికి మొత్తం నిప్పు. ఆరు రేకులూ వెనక్కి పైకి విరుచుకుంటాయి, అంచులు అలల్లా. కీలం మొదట్లోనే ఒక పక్కకు మడిచినట్టు నిలువుగా కాక అడ్డంగా పోతుంది. ఇంక చెప్పక్కర్లేదనుకుంటా, కేసరాలు ఆరు.

తమిళనాడుకి ఇది రాష్ట్ర పుష్పం. అక్కడ ధారాపురం, ఒడ్డన్‌ఛత్రం వైపు రైతులు దీన్ని పందిళ్ళ మీద పంటగా వేస్తారు. దుంప కోసం కాదు, విత్తనం కోసం, దుంపకంటే విత్తనంలోనే కాల్చిసిన్ ఎక్కువ. పువ్వు పువ్వుకీ చేత్తో పుప్పొడి అంటించి కాయ కట్టించి, ఎండిన గింజలు మందుల కంపెనీలకు అమ్ముతారు. మన దగ్గర మాత్రం కంచెల్లో, గుట్టల మీద తనంతట తాను పెరిగేదే, మందు కోసం తవ్వి తవ్వి అదీ తగ్గిపోతోంది. అందుకే నేను ఒక్క దుంపతోనే సరిపెట్టాను, తవ్విన చోట పక్క దుంపను కదపలేదు. గింజ నుంచి పెంచొచ్చు కానీ పువ్వు చూడటానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అప్పటికి నేను ఏ కంపెనీలో ఏ షిఫ్టులో ఉంటానో.

నవంబరు వచ్చేసరికి తీగ ఎండిపోయింది. కాల్చికమ్ లేచే టైముకి ఇది పడుకుంటుంది. ఈ నెల తవ్వి చూస్తే పాత దుంప ఒట్టి పొట్టు, దాని చోట కొత్తవి రెండు. కొత్త దుంపల్ని పొడి ఇసుకలో పెట్టి, మళ్ళీ మే దాకా కదపకుండా ఉంచాలి.

పాపకి ఇప్పుడు తొమ్మిదో నెల. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. అమ్మ ఆ దుంపల్ని ఇంట్లోంచి పంపించెయ్యమంది, అన్న కూడా అదే అన్నాడు. వదిన ఒప్పుకోలేదు. మూత బిగుతుగా ఉన్న పెయింట్ డబ్బాలో ఇసుకతో సహా పెట్టించి, డాబా మీద వాటర్ ట్యాంకు గద్దె మీదకి, నిచ్చెన వేస్తే తప్ప అందని చోటికి ఎక్కించింది. డబ్బా మీద ఎర్ర మార్కర్‌తో తనే రాసింది: నాభి, విషం, ఆరు కేసరాలు.